కారు తాగడం మొదలుపెట్టింది

ఫిబ్రవరి 2. మూడువందలవ రోజు.

నేను మానేశాను. ఇప్పుడు మా కారు మొదలుపెట్టబోతోంది.

ఈ మధ్యాహ్నం రేసు ట్రాకు కమిటీ నుంచి కాగితం వచ్చింది. ఈ సీజను నుంచి పెట్రోలు బండ్లను గీత దగ్గరికి రానివ్వరట. అందరూ ఇథనాల్ మీదే పరుగెత్తాలట. ఇథనాల్ అంటే ఏమిటో కాగితంలో అరపేజీ వివరించారు. నాకు ఆ వివరణ అక్కర్లేదు. స్పిరిట్టుతో నాది ముప్పై ఏళ్ల పరిచయం, కాకపోతే వేరే పేర్లతో.

మా ఆవిడ పైకి చదివి వినిపించింది. చదివాక మడిచి స్కూలు బస్సు తాళాల గుత్తి కింద పెట్టింది. అత్తగారు కళ్లజోడు పైకి తోసుకుని నా వైపు చూశారు.

"మార్చి ఇరవై రెండున మొదటి పోటీ," అంది మా ఆవిడ. "ఏడు వారాలు కూడా లేదు. మార్చగలరా?"

"మార్చగలను."

"నేను అడిగింది కారు సంగతి కాదు."

"నేను చెప్పిందీ కారు సంగతి కాదు," అన్నాను.

అబద్ధం. నేను కారు సంగతే చెప్పాను.

ఫిబ్రవరి 3. 301.

ఏప్రిల్ ఎనిమిది సంగతి నెలకోసారి రాసుకుంటాను. రాయకపోతే అది మెల్లమెల్లగా నాకు అనుకూలంగా మారిపోతోంది. పోయిన నెలకైతే తప్పు దాదాపు చక్రానిదే అయింది. అందుకని ఈసారి సూటిగా.

ఆ పొద్దున మూడు గ్లాసులు పోసుకున్నాను. తర్వాత వెనక కుడి చక్రం ఎక్కించాను. అయిదు నట్లూ చేత్తో తిప్పాను. పానా పెట్టి బిగించాననుకున్నాను. పచ్చ లైటు పడింది, స్టీరింగు పట్టుకున్న మా ఆవిడ కదిలింది, సగం దూరంలో చక్రం ఊడింది. ఊడినది ఊరుకోలేదు. కారును దాటి, పక్క వరుస బండిని దాటి, ముగింపు గీత కూడా దాటింది. బోర్డు మీద దాని టైము పడింది. మంచి టైమే. జనంలో కొందరు చప్పట్లు కొట్టారు.

కారు గోడను రాసుకుంటూ వచ్చి ఆగింది. మా ఆవిడకి భుజం ఎముక విరిగింది. దిగగానే అడిగిన మొదటి మాట, "చక్రం ఎవరికైనా తగిలిందా?" రెండో మాట నాలుగు రోజుల తర్వాత.

అప్పటినుంచి నేను ఏ నట్టు బిగిస్తున్నా వచ్చి పక్కన నిలబడుతుంది. నేను బిగించాక తను మళ్లీ బిగిస్తుంది. గోడకి మేకు కొట్టినా వచ్చి లాగి చూస్తుంది. ఆ కారులో మాత్రం మళ్లీ కూర్చోలేదు.

వారమంతా నలభై ముగ్గురు పిల్లల్ని వేసుకుని ఇరవై కిలోమీటర్ల వేగంతో, అడుగడుక్కీ ఆగుతూ పోయే మనిషి. తిన్నటి ట్రాకు మీద ఈ గీత నుంచి ఆ గీతకి పట్టే పన్నెండు సెకన్లే తన జీవితంలో ఎవరూ ఆపమని అడగనివి. అవి నేను పోగొట్టాను.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది: "పోటీ రోజు పొద్దున ఆ సీట్లో కూర్చోవాలనిపిస్తే కూర్చుంటా. అనిపించకపోతే కారు అమ్మేద్దాం. ఎందుకని మాత్రం అడగొద్దు."

అడగలేదు. తెలిసిన ప్రశ్నకు జవాబెందుకు?

ఫిబ్రవరి 8. 306.

డ్రమ్ములు వచ్చాయి. రెండు. నీలం రంగు. తెచ్చిన కుర్రాడు ఒక కాగితం చాపాడు.

"ఇక్కడ సంతకం పెట్టు బాబాయ్."

"ఏమిటిది?"

"తాగనని."

నవ్వాను. వాడు నవ్వలేదు. నిజంగానే అదే రాసుంది. ఈ సరుకు మానవులు తాగడానికి వాడనని ఇందుమూలంగా హామీ ఇస్తున్నానట. ఇలాంటి కాగితాల మీద నాకు మంచి సంతకం పడుతుంది. ఇది అయిదోది. మొదటి నాలుగూ మా ఆవిడ బీరువాలో ఉన్నాయి.

డ్రమ్ము మీద చీటీ: "విషం. తాగుటకు పనికిరాదు. పెట్రోలు మరియు చేదు పదార్థము కలుపబడినవి." బడి మానేశాక నేను ఒకే పేజీని ఇన్నిసార్లు చదవడం ఇదే మొదలు.

"డ్రమ్ముల తాళం నా దగ్గరుంటుంది అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. "మీ మీద నమ్మకం లేక కాదు."

"మరి?"

ఆవిడ కాస్త ఆలోచించారు. ముప్పై ఎనిమిదేళ్లు పంతులమ్మగా చేసిన మనిషి, అబద్ధం రాదు. "నమ్మకం లేకే," అన్నారు.

తాళం చెవి ఇప్పుడు ఆవిడ కళ్లజోడు గొలుసుకి వేలాడుతోంది. ఆవిడ పేపరు చదువుతుంటే ముక్కు పక్కన ఊగుతుంది. నేను పేపరు వైపు చూసినా తాళం వైపు చూసినట్టే ఉంటోంది.

ఫిబ్రవరి 11. 309.

పాత రబ్బరు గొట్టాలన్నీ పీకేశాను. స్పిరిట్ తగిలితే రబ్బరు ముందు ఉబ్బుతుంది, తర్వాత మెత్తబడుతుంది, ఆఖరికి పొడిపొడిగా రాలుతుంది. నా కాలేయం గురించి డాక్టరు చెప్పినప్పుడు కూడా ఇదే వరుస. గొట్టాలకైతే కొత్తవి దొరుకుతాయి.

ఫిబ్రవరి 15. 313.

ఇవాళ మొదటిసారి ఇథనాల్ మీద స్టార్టు చేశాం.

కార్బురేటరులో ఇంధనం చిమ్మే జెట్లన్నీ పెద్దవి వేశాను. పెట్రోలు బొట్లు బొట్లుగా చాలేది, దీనికి ధారగా పోయాలి. అదే పనికి ఒకటిన్నర రెట్లు కావాలి. అలవాటు పడ్డవాళ్లందరికీ అంతే.

పొద్దున చలికి లేవలేదు. తాళం తిప్పితే దగ్గింది, మూలిగింది, పడుకుంది. మూడుసార్లు. చివరికి కార్బురేటరులో ఒక మూత పెట్రోలు పోస్తే కళ్లు తెరిచింది. తెరిచాక మాత్రం ఎంత హుషారు! వణుకు లేదు, వేడి లేదు, గొంతు గంభీరంగా ఉంది. మధ్యాహ్నం దాకా అలాగే.

"పొద్దున ఒక చుక్క పడితే గానీ లేవదన్నమాట," అంది మా ఆవిడ.

"అవును."

"నాకు అలవాటే," అంది. అని బస్సు తీసుకుని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 16. 314.

మూడువందల రోజులుగా సాయంత్రం గుమ్మంలో ఒక తనిఖీ ఉంటోంది. నేను చెప్పులు విప్పుతుంటే అత్తగారు వాకిట్లో ఏదో వెతుకుతున్నట్టు దగ్గరికి వచ్చి ఒక్కసారి గాలి పీలుస్తారు. పీల్చి, "భోజనం వడ్డించమనండి," అంటారు. అదే సర్టిఫికెట్టు.

నిన్నటి నుంచి ఆ పద్ధతి పాడైపోయింది. నా చొక్కా, జుట్టు, గోళ్లు, టిఫిన్ డబ్బా, అన్నీ స్పిరిట్ వాసనే. ఆవిడ పీల్చారు, ఆగారు, మళ్లీ పీల్చారు, తుమ్మారు.

"ముక్కు పనికిరాదు," అని తీర్పు చెప్పారు. "పదిహేడో ఎక్కం చెప్పండి."

"అత్తయ్యా, నాకు యాభై ఆరేళ్లు."

"వెనకనుంచి."

మా ఊరి బళ్లో మాస్టారు పదిహేడో ఎక్కం బెత్తంతో నేర్పారు. ఒంటికి పట్టిన చదువు పోదు. నూట డెబ్బై, నూట యాభై మూడు, నూట ముప్పై ఆరు అంటూ గుమ్మంలో నిలబడి దిగుతూ వచ్చాను. వీధిలో ఇద్దరు ఆగి విన్నారు. పదిహేడు దగ్గరికి వచ్చాక ఆవిడ, "భోజనం వడ్డించమనండి," అన్నారు.

ఫిబ్రవరి 20. 318.

ఇంజను మంచి వాసన వస్తోంది. మెకానిక్కుగా రాస్తున్నాను.

ఫిబ్రవరి 24. 322.

ఇథనాల్‌తో ఒక చిక్కు ఉంది. మూత తీసి ఉంచితే గాల్లో తేమని పీల్చుకుంటుంది. చూడటానికి తేడా ఉండదు. అదే తేటదనం, అదే నిగనిగ. లోపల నీళ్లు కలిసి ఉంటాయి. గీత దగ్గర ఇంజను మొరాయిస్తుంది.

కాబట్టి ఎవరో ఒకరు పరీక్ష చేస్తుండాలి. ట్రాకులో ఈ పని చూసే అధికారి ఒకాయన ఉన్నాడు. ఎప్పుడూ గాజు గొట్టం పట్టుకుని తిరుగుతాడు కాబట్టి అందరం గొట్టం సారు అంటాం. మా దగ్గర అలాంటి గొట్టం లేదు. పూర్వం పెద్ద మెకానిక్కులు గొట్టాలూ గిట్టాలూ లేకుండానే సరుకు చూసేవాళ్లని విన్నాను. ఎలా చూసేవాళ్లో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

ఫిబ్రవరి 25. 323.

గుర్తొచ్చింది. నాలుక మీద వేసుకునేవాళ్లు.

ఎందుకో గుర్తొచ్చిందని రాశానంతే.

ఫిబ్రవరి 26.

ఇవాళ రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 27.

నిన్న రాయడానికి కొంచెం ఉంది.

డ్రమ్ములోంచి కారుకి పోసే కొలత డబ్బా ఉంది. అత్తగారు తాళం తీసి, కొలిచి, మళ్లీ వేసి వెళ్లారు. డబ్బా అడుగున రెండు చెంచాలంత మిగిలింది. మా ఆవిడ బస్సులో ఉంది. చూపుడు వేలు ముంచాను. మొదటి కణుపు దాకానే. నాలుక మీద పెట్టుకున్నాను.

చీటీ మీద రాసింది అక్షరాలా నిజం. ఇంత చేదు ఈ లోకంలో ఉంటుందని తెలియదు. దానిమీద పెట్రోలు. కళ్లలో నీళ్లు తిరిగాయి, చెవులు వేడెక్కాయి, పెరట్లోకి పోయి చెంబెడు నీళ్లతో పుక్కిలించాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

ఇది తాగడం కాదు. తాగడమంటే గ్లాసుండాలి, కూర్చోవాలి, మింగాలి. నేను నిలబడి ఉన్నాను. మింగలేదు. ఎక్కువ మింగలేదు. ఇది సరుకు పరీక్ష. ఫలితం: నీళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు.

ఒక్కసారే. అయిపోయింది.

రోజుల లెక్క రెండు మూడు రోజులు వెయ్యను. వేలుని ఎలా లెక్కపెట్టాలో తేల్చుకుని వేస్తాను.

మార్చి 2.

ఇంట్లో పంచాయితీ.

అత్తగారు డ్రమ్ములో కర్ర ముంచి, తడిసిన చోట సుద్దముక్కతో గీత పెట్టి రాసుకుంటున్నారట. ఈ పొద్దున కర్ర పట్టుకుని హాల్లోకి వచ్చారు.

"ఆరు లీటర్లు పోవాలి. తొమ్మిది పోయాయి. మూడు లీటర్లు ఎక్కడ అల్లుడుగారూ?"

మా ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది, అంతే. ఆ చప్పుడు నాకు ఏప్రిల్ నుంచి తెలుసు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చూపుడు వేలు దానంతటదే జేబులోకి పోయింది. కానీ మూడు లీటర్లు! వేలికి మూడు లీటర్లు ఎలా పడతాయి? మూడు లీటర్లు నేను తాగి ఉంటే ఈ పంచాయితీ హాల్లో జరగదు, ఆస్పత్రిలో జరుగుతుంది. అదే చెప్పాను. తర్వాత పలక తెచ్చి లెక్క వేశాను. ఆరు లీటర్ల అంచనా పెట్రోలు రోజుల్లో నేను రాసిపెట్టిన కాగితంలోది. ఇథనాల్‌కి దాన్ని ఒకటిన్నర చెయ్యాలి. నేను చెయ్యలేదు. కారు తాగేసింది.

కర్ర పట్టుకునే అందరం షెడ్డుకి వెళ్లాం. మా ఆవిడే దగ్గరుండి కొలిచి పోసి, నా చేత స్టార్టు చేయించి, ఆపించి, మళ్లీ కొలిచింది. నిజమే. కారే తాగింది.

"క్షమించండి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. జీవితంలో మొదటిసారి. చెయ్యి కూడా కలిపారు. కుడి చెయ్యి.

రోజంతా ఈల వేసుకుంటూ పని చేశాను. మూడు లీటర్ల విషయంలో నా అంత నిర్దోషి ఈ వీధిలో లేడు.

మార్చి 8.

ట్రయల్ రోజు. ఇది వివరంగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

పద్నాలుగు కార్లు వచ్చాయి. అన్నీ కొత్తగా తాగుడు నేర్చుకున్నవే. పొద్దున ఒక్కటీ లేవలేదు. పద్నాలుగు షెడ్లలోనూ మనుషులు మూతలతో పెట్రోలు పట్టుకుని, "లే నాన్నా, లే" అంటూ బతిమాలుకుంటున్నారు.

గొట్టం సారు వచ్చాడు. గాజు గొట్టంలో కొంత నీళ్లు, కొంత మా సరుకు పోసి ఊపాడు. స్పిరిట్ నీళ్లలో కలిసిపోయింది, పెట్రోలు పైన తేలింది. తేలిన గీతని కొలిచి పాస్ అన్నాడు. బాగానే ఉంది. తర్వాత సంచీలోంచి ఇంకో మెషీను తీశాడు.

"కమిటీ కొత్త రూలు. డ్రైవర్లు, మెకానిక్కులు అందరూ ఊదాలి. ఒంట్లో స్పిరిట్ ఉంటే గీత దగ్గరికి పంపను."

మొదటి డ్రైవరు ఊదాడు. కీ మంది. రెండో ఆయన ఊదాడు. కీ. జన్మలో టీ కూడా తాగని ఒక దర్జీ ఉన్నాడు, సరదాకి రేసు నడుపుతాడు. ఆయనకి అందరికంటే గట్టిగా కీ మంది. ఆయన మొహం చూడాలి! కాగితాల్లో డ్రైవరు తనే కాబట్టి మా ఆవిడా ఊదింది. కీ. నేను ఊదాను. కీ. గొట్టం సారు మెషీను పాడైందేమోనని తనే ఊదాడు. కీ. చివరికి దాన్ని బల్ల మీద పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. ఎవరూ ఊదకుండానే కీ మంది.

పద్నాలుగు కార్ల పొగ. గాలే తాగి ఉంది.

"ఇథనాల్ పొయ్యకపోతే రానివ్వం అన్నది మీ కమిటీయే," అన్నాడు దర్జీ. "ఇథనాల్ వాసనొస్తే రానివ్వం అంటున్నదీ మీ కమిటీయే. మేం ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలి సారూ, ఇంటికెళ్లి వచ్చా?"

"రూలు రూలే," అన్నాడు గొట్టం సారు. కానీ గొంతులో పట్టు లేదు. ఆయన పేరు కూడా తాగినవాళ్ల జాబితాలో ఎక్కింది మరి.

అప్పుడు అత్తగారు కుర్చీలోంచి లేచారు. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపాను. ఆవిడ చూడలేదు.

"బాబూ, ఒంట్లో ఉందో లేదో ముక్కు చెప్పదు, మెషీనూ చెప్పదు. ఎక్కం చెబుతుంది. అందరినీ వరసలో నిలబెట్టు."

గొట్టం సారుకి వేరే దారి లేదు. హెల్మెట్లు చంకలో పెట్టుకుని పద్నాలుగుమంది డ్రైవర్లు, పద్నాలుగుమంది మెకానిక్కులు ఎండలో వరస కట్టారు. పదిహేడో ఎక్కం, వెనకనుంచి. గంటకి రెండువందల కిలోమీటర్లు నడిపే మొనగాళ్లు నూట ముప్పై ఆరు దగ్గర చెమటలు పట్టి ఆగిపోయారు. ఒకడు వేళ్లు లెక్కపెడుతూ దొరికిపోయాడు. "చేతులు వెనక్కి!" అన్నారు అత్తగారు. దర్జీ ఏడ్చినంత పని చేశాడు. మా ఆవిడ నా చెవిలో, "నాకు ముందుకే రాదు. నేను ఆవిడ కూతుర్నని ఎవరికీ చెప్పకండి," అంది. పదకొండు నెలల్లో నా చెవిలో చెప్పిన మొదటి మాట. దానికోసమైనా ఆ వరస ఇంకా పొడుగుండాలనిపించింది.

ఇరవై ఏడుమంది తప్పారు. ఒక్కడు పాసయ్యాడు.

నేను.

గొట్టం సారు నా చెయ్యి పట్టుకుని పైకి ఎత్తాడు. "ఈ ట్రాకు మొత్తానికి మందు ముట్టని మనిషి ఈయన ఒక్కడే!" అందరూ చప్పట్లు కొట్టారు. ఎత్తింది కుడి చెయ్యి. చూపుడు వేలు అందరికంటే పైన ఉంది.

మా ఆవిడ చప్పట్లు కొట్టలేదు. నా వైపు చూస్తోంది. నేను బోర్డు వైపు చూశాను. దాని మీద ఏమీ లేదు.

ఆఖరికి ట్రయల్ రద్దు చేశారు. పోటీ రోజు ఊదే పరీక్ష గేటు బయట, ఇంజన్లు స్టార్టు చెయ్యకముందే పెడతారట.

మార్చి 12.

ఇంధనం పంపు మార్చాను, పెద్దది వేశాను. సీటు కింద ఉంటుంది. దాని గొట్టం నట్టు నేనే బిగించాను. మా ఆవిడ బస్సుకి వెళ్లింది.

ఇవాళ రాయడానికేం లేదు.

మార్చి 16.

అంతా సిద్ధం. జెట్లు సరిపోయాయి, స్పార్కు టైమింగు ముందుకు జరిపాను, పంపు గొంతు బాగుంది. మా ఆవిడ ఒక్కో నట్టూ తన పానాతో చూసుకుంటూ వచ్చింది. సీటు కిందిది చూడలేదు. సీటు బిగించేసి ఉంది. అక్కడ కూడా ఒకటి ఉందని నేను చెప్పాలి. చెబుతాను.

మార్చి 18.

చెప్పలేదు. ఆ నట్టు సంగతి చెబితే, ఆ రోజు ఎందుకు ఒంటరిగా బిగించారని అడుగుతుంది. అడిగితే ఆ రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు సంగతేం లేదు.

మార్చి 21.

చెప్పాను.

వీరత్వం ఏం లేదు. సాయంత్రం షెడ్డులో కారు తుడుస్తోంది. సీటు మీద దుమ్ము తుడిచి, వంగి, సీటు కుట్టు మీద చెయ్యి పెట్టింది. గుర్రం మెడ మీద పెట్టినట్టు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"కొలత డబ్బాలో వేలు పెట్టి నాకాను. ఫిబ్రవరిలో."

గుడ్డ మడిచింది. మడతలు సరిచేసింది.

"రుచెలా ఉంది?"

"చచ్చేంత చేదు."

"మరి రెండోసారి ఎందుకు?"

నేను ఒకసారనే చెప్పాను. ఒకసారనే రాసుకున్నాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు, దీనికి కూడా ఒకటే చెప్పాను.

"నీకెలా తెలుసు?"

"ఫిబ్రవరి ఇరవై ఆరున, మార్చి పన్నెండున నేను ఇంటికి వచ్చేసరికి మీరు సబ్బుతో చేతులు కడుక్కుని ఉన్నారు. ముప్పై ఏళ్లలో భోజనానికి కూడా కడుక్కోలేదు మీరు."

చేదు తెలిసీ రెండోసారి ఎందుకు? మొదటిసారి పరీక్ష అనుకున్నాను. రెండోసారికి ఆ పేరు కూడా పెట్టలేకపోయాను, అందుకే రాయలేదు.

"అప్పుడే ఎందుకు అడగలేదు?" అన్నాను.

"అడిగితే ఏం చెప్పేవారు?"

ఆలోచించాను. "సరుకు పరీక్ష అని."

"అందుకే."

గుడ్డ పక్కన పెట్టి, "ఇవాళ్టికి ఎన్నో రోజు?" అంది.

పన్నెండో తారీకు నుంచి లెక్కపెట్టాను. "తొమ్మిది."

"సరే," అంది. లైటు ఆపి లోపలికి వెళ్లింది. రేపు కూర్చుంటానని గానీ, కూర్చోనని గానీ అనలేదు. నట్టు సంగతి నేను అప్పుడు కూడా చెప్పలేదు. ఒక సాయంత్రానికి ఒక నిజమే పట్టింది.

మార్చి 22. పదో రోజు.

గేటు బయట ఊదాను. మెషీను ఏమీ అనలేదు. మా ఆవిడ ఊదింది. ఏమీ అనలేదు. గొట్టం సారు దాన్ని వెంటనే గుడ్డలో చుట్టి లోపల పెట్టేశాడు, మనసు మార్చుకుంటుందేమోనని.

మొదటి రౌండులో మాది నాలుగో జత. పక్క వరుసలో దర్జీ. కారును తోసుకుంటూ వరసలో పెట్టాం. అత్తగారు మెట్ల మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. మా ఆవిడ చేతి తొడుగులు వేసుకుంది, హెల్మెట్ తీసుకుంది, కారు తలుపు దగ్గర ఆగింది.

పానా బయటికి తియ్యలేదు. నా మొహంలోకి చూసింది.

"ఎక్కడైనా అనుమానం ఉందా?"

ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు. 'నేను బిగించానంటే బిగించినట్టే.' అది నాలుక చివర దాకా వచ్చింది. స్పిరిట్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. సీటు కింద కారితే, అంటుకుంటే, లోపల ఉన్న మనిషికి వేడి తగిలేదాకా తెలియదు.

"ఉంది," అన్నాను. "సీటు కింద, పంపు గొట్టం నట్టు. పన్నెండో తారీకున బిగించాను. పానా పట్టుకున్నది గుర్తుంది. బిగించింది గుర్తు లేదు."

మైకులో మా జతని పిలిచారు.

"తియ్యడానికి ఎంతసేపు?"

"సీటు తియ్యాలి. ఇరవై నిమిషాలు."

"మనకున్నది?"

"రెండు."

అక్కడో ఖాళీ బక్కెట్టు ఉంది. దాన్ని బోర్లించి కూర్చుంది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుంది. "తియ్యండి," అంది.

సీటు తీస్తుంటే దర్జీ గీత దగ్గర ఒక్కడే నిలబడి మా వైపు చూస్తున్నాడు. రూలు ప్రకారం ఒక్కడే పరుగెత్తి గెలిచాడు. పాపం, వెళ్లేటప్పుడు మాకు చెయ్యి ఊపాడు. ఆ సీజను మొదటి పోటీ, ఏడు వారాల పని, మొదటి రౌండులోనే అయిపోయింది. కారు కదలకుండానే ఓడిపోయింది.

సీటు వచ్చింది. నట్టు కనపడింది. పానా పెట్టాను.

బిగిసే ఉంది. చక్కగా, రాయిలాగా. బిగించాక నేను పెట్టే తెల్లరంగు చుక్క కూడా దాని మీద ఉంది.

వదులుగా ఉంటే బాగుండేదనిపించింది. కనీసం పరువు దక్కేది. నేను ఆ చుక్క వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఏమైంది?" అంది బక్కెట్టు మీదనుంచి.

"బాగానే ఉంది."

"గట్టిగా చెప్పండి, అమ్మకి వినపడాలి."

"బాగానే ఉందే!" అని అరిచాను. మెట్ల మీద గొడుగు కదిలింది. మా ఆవిడ నవ్వు మొదలుపెట్టింది. భుజం పట్టుకుని నవ్వింది, నవ్వితే అది ఇంకా నొప్పి పుడుతుంది తనకి. నేను సీటు మళ్లీ ఎక్కించాను. తను సాయం పట్టింది గానీ పానా అందుకోలేదు.

సాయంత్రం పోటీలన్నీ అయ్యాక, ఓడినవాళ్లు కావాలంటే ఊరికే ఒకసారి పరుగెత్తుకోవచ్చన్నారు. జనం లేచి వెళ్లిపోతున్నారు. నేనేమీ అడగలేదు. మా ఆవిడ హెల్మెట్ పెట్టుకుంది, తలుపు తీసింది, కూర్చుంది. బస్సెక్కినట్టే. బెల్టు పెట్టుకుని అద్దం సరిచేసుకుంది. దాంట్లో చూడటానికి వెనకాల పిల్లలెవరూ లేరు.

పక్క వరుస ఖాళీ. పసుపు లైట్లు వెలిగాయి. పచ్చ పడకముందే కదిలింది.

ఎర్ర లైటు పడింది. తొందరపడితే ఓడినట్టే. ఎదుటివాడు లేని పోటీలో కూడా ఓడిపోయింది. జెండా పని కూడా చూసే గొట్టం సారు అలవాటు కొద్దీ ఊపబోయి, ఎవరికి ఊపాలో తెలియక దించేశాడు. ఆ సంగతి తనకి తెలియదు, అప్పటికే సగం దూరం పోయింది. నిటారుగా, ఒక్క వణుకు లేకుండా. పన్నెండు సెకన్లు. నేను ఊపిరి తీసుకోలేదు కాబట్టి నాకు సరిగ్గా తెలుసు.

తిరిగి వచ్చి దిగింది. జుట్టంతా తడిసి అతుక్కుపోయి ఉంది. ఆ మొహం నేను చూసి పదకొండు నెలలైంది.

"ఎడమకి లాగుతోంది," అంది. "స్టీరింగు రాడ్డు చూడండి."

సంచీలోంచి తన పానా తీసి నా చేతిలో పెట్టింది. తొడుగులు విప్పుకుంటూ మెట్ల వైపు, వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఇద్దరూ గొడుగు కింద అటు తిరిగి కూర్చుని టీ తాగుతున్నారు.

కారు కిందికి దూరాను. రాడ్డు నట్టు ఒక చుట్టు తగ్గింది. బిగించాను. అలవాటుగా పక్కకి జరిగి తనకి చోటిచ్చాను. కాళ్లేవీ కనపడలేదు.

కాసేపు చూసి, నేనే మళ్లీ బిగించాను.